చీకటి ఫ్లాటుకి జపాను సొగసు

"పట్టపగలు కూడా లైటు వెయ్యందే మా హాల్లో మనిషి మొహం కనిపించదండీ. రెండేళ్ళకోసారి తెల్ల రంగు వేయిస్తూనే ఉన్నాం. అయినా బావిలో కూర్చున్నట్టే ఉంటుంది. ఎవరైనా వస్తామంటే ఏదో వంక చెప్పి తప్పించుకుంటున్నాను. ఏదైనా ఉపాయం చెప్పగలరా?" అని ఓ సోదరి ఉత్తరం రాశారు.

అది చదువుతుంటే నాకు మా చెల్లెలే గుర్తుకొచ్చింది. హైదరాబాదులో వాళ్ళది మొదటి అంతస్తులో రెండు పడగ్గదుల ఫ్లాటు. కొన్నప్పుడు పక్కన ఖాళీ స్థలం, అందులో ఓ వేపచెట్టు. కిటికీ తెరిస్తే ఆకులు చేతికందేవి. మూడేళ్ళు తిరిగేసరికి ఆ స్థలంలో ఐదంతస్తుల బిల్డింగు లేచింది. ఇప్పుడు కిటికీ తెరిస్తే కనిపించేది పక్కవాళ్ళ గోడ, ఓ డ్రైనేజీ పైపు. అంతే! తనూ మీలాగే తెల్ల రంగు మీద తెల్ల రంగు వేయించింది. శ్రావణ శుక్రవారం పేరంటం పిలవడం మానేసింది. "ఈ గుహలోకి ఎవర్ని రమ్మనను అక్కా?" అనేది.

తెల్ల రంగు ఎందుకు పనిచెయ్యలేదంటారా? తెలుపు తనంతట తాను వెలగదు. తన మీద పడ్డ వెలుతుర్ని తిరిగి పంపుతుంది, అంతే. పడే వెలుతురే లేనప్పుడు ఆ తెలుపు బూడిదరంగులోకి దిగిపోయి, ఉతకని దుప్పటిలా మాసినట్టు కనిపిస్తుంది. అలాంటి గదితో పోట్లాడి లాభం లేదు. చీకటిని చీకటిగానే ఒప్పుకుని, దాన్నే అందంగా మలుచుకోవచ్చు. ఈ విద్యలో జపాను వాళ్ళు ఆరితేరినవాళ్ళు.

వాళ్ళకెలా అబ్బింది?

పాతకాలపు జపాను ఇళ్ళకి చూరు బాగా ముందుకి దిగి ఉంటుంది. వానా, ఎండా లోపలికి కొట్టకుండా ఆ ఏర్పాటు. చూరు కింద మన వసారా లాంటి చెక్క నడవ, దాని వెనక కాగితం అతికించిన చెక్క చట్రాల తలుపులు. వాటిని 'షోజి' అంటారు. ఇన్ని దాటుకుని లోపలికొచ్చేసరికి ఎండ కాస్తా మెత్తటి మసక వెలుతురైపోతుంది. క్యోటో నగరంలోని పాత ఇళ్ళయితే వీధివైపు ఇరుగ్గా, లోపలికి పొడుగ్గా ఉంటాయి. వాటిని సరదాగా 'ఈల్ చేప పడకలు' అంటారు. మధ్యలో చిన్న తోట ఒకటి వదిలి, దాని గుండా గాలీ వెలుతురూ తెచ్చుకునేవారు. మన మండువా ఇళ్ళు గుర్తుకు రావడం లేదూ?

జునిచిరో తానిజాకి అనే జపాను రచయిత 1933-34లో నీడల అందం గురించి ఓ పెద్ద వ్యాసమే రాశారు. ఇంగ్లీషులో 'ఇన్ ప్రెయిజ్ ఆఫ్ షాడోస్' అనే పేరుతో అది లోకమంతా తెలిసింది. ఆయన చెప్పిన సంగతి మన పనికొచ్చేదే. మసక గదుల్లో బతకక తప్పని పూర్వులు ఆ నీడల్లోనే అందం వెతుక్కున్నారట. నల్లటి లక్క పాత్ర మీది బంగారు పూత పట్టపగటి వెలుతురులో ఎబ్బెట్టుగా ఉంటుందట. అదే చిన్న దీపం ముందు పెడితే లోతుగా, నిండుగా మెరుస్తుందట.

ఇది మనకి కొత్తేమీ కాదండీ. గర్భగుడిలో కిటికీలుండవు. పూజారిగారు హారతి ఎత్తగానే నల్లరాతి విగ్రహం మీద వెండి కళ్ళు తళుక్కుమంటాయి. అదే విగ్రహం ట్యూబులైటు కింద చూస్తే అలా ఒళ్ళు పులకరిస్తుందా? లేదు కదూ!

హోటలు కళ ఎక్కడిది?

బొటిక్ అంటే మనకి చీరలూ బ్లౌజులే గుర్తొస్తాయి. బొటిక్ హోటలంటే తక్కువ గదులతో, దేనికదే ప్రత్యేకంగా తీర్చిన చిన్న హోటలు. 1984లో న్యూయార్కులో మొదలైన 'మోర్గాన్స్' ఈ తరహాకి తొలి ఉదాహరణల్లో ఒకటి. ఆంద్రే పుత్మాన్ అనే ఫ్రెంచి మహిళ దాన్ని అలంకరించారు. జపాను తరహా చూడాలంటే 2014లో తెరిచిన 'అమన్ టోక్యో' ఉంది. రాయి, కర్ర, వాషి కాగితం - ఈ మూడింటితోనే మొత్తం నడిపించారు. 2016లో వచ్చిన 'హోషినోయా టోక్యో'లోనైతే గుమ్మం దగ్గరే చెప్పులు విప్పి, లోపలంతా చాపల మీద నడవాలి. చెప్పులు బయట విడవడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు కదా. సగం హోటలు మన ఇంట్లో ఉన్నట్టే!

మా చెల్లెలు చేసిన పొరపాటు

ఇదంతా నేను చెప్పగా విని మా చెల్లెలు ఆగలేదు. పెయింటర్ని పిలిచి, హాలు నాలుగు గోడలకీ నిగనిగలాడే నల్ల ఎనామిల్ రంగు కొట్టించేసింది. మెరిసే రంగు కదా, గోడ మీద ఎగుడుదిగుళ్ళు, పాత అతుకులు అన్నీ ఎత్తి చూపించింది. లైటు వేస్తే గోడలో బల్బు కనిపించి కళ్ళు జిగేలుమనేవి. హాలంతా ఆట అయిపోయిన సినిమా హాల్లా తయారైంది.

అంతకన్నా పెద్ద చిక్కు వాళ్ళ అత్తగారితో. ఆవిడకి కంట్లో శుక్లం ఆపరేషన్ అయింది. రాత్రి మంచినీళ్ళకని లేచి, నల్లగోడ పక్కనున్న నల్ల స్టూలు కనపడక దానికి తగిలి పడ్డారు. అదృష్టం బాగుండి ఎముక విరగలేదు గానీ మోకాలు వాచి రెండు వారాలు మంచం దిగలేదు. "నలుపు ఇంటికి మంచిది కాదని చెబుతూనే ఉన్నాను" అన్నారావిడ. మా చెల్లెలు నోరెత్తలేకపోయింది. నేనూ అంతే. ఆ సలహాలో నా వాటా కూడా ఉంది మరి! అందుకే ఈసారి మీకు జాగ్రత్తలతో సహా వరసగా చెబుతున్నాను.

ముందు చెమ్మ చూడండి

చీకటి వేరు, చెమ్మ వేరు. గోడ ఉబ్బినా, పెచ్చులూడినా, బూజు వాసనొచ్చినా ముందు ఆ నీరు ఎక్కణ్ణుంచి వస్తోందో కనుక్కుని బాగు చేయించండి. ముదురు రంగు వేస్తే చెమ్మ మచ్చలు మొదట్లో కంటికి ఆనవు. బాగా ముదిరాకే బయటపడతాయి. అలాగే కిటికీకి ఏ అలంకారం చేసినా గాలి ఆగకూడదు.

గోడల రంగు

అచ్చ నలుపు వద్దు. బొగ్గు రంగు, తడిమట్టి రంగు, ముదురు కాఫీ రంగు, నాచు రంగు - వీటిలో ఒకటి ఎంచుకోండి. మెరుపు లేని 'మ్యాట్' రకమే అడగండి. జపాను టీ గదుల గోడలు మట్టిలో గడ్డి ముక్కలు కలిపి పూసినవి. మన పల్లెటూరి మట్టి గోడల్లాగే వెలుతుర్ని మెత్తగా పీల్చుకుంటాయి. మనం తెచ్చుకోవాల్సింది ఆ మెత్తదనమే.

డబ్బా మీది చిన్న కాగితం ముక్క చూసి రంగు నిర్ణయించకండి. ఓ పెద్ద అట్ట మీద రంగు పూసి, గోడకి ఆనించి వారం రోజులుంచండి. పొద్దున్న, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక - మూడు వేళలా చూడండి. నచ్చితే ముందు ఒక్క గోడకే వేయించండి. ఫ్లాట్లలో కప్పు ఎత్తు తక్కువ కాబట్టి పైకప్పుకి మీగడ తెలుపు ఉంటేనే ఊపిరాడినట్టుంటుంది. అద్దె ఇల్లా? రంగు జోలికి పోకండి. ముదురు రంగు చేనేత బట్టని కర్రకి తొడిగి గోడకి వేలాడదీస్తే సరిపోతుంది.

దీపాలే ప్రాణం

ముదురు గోడలున్న గదికి కప్పు మధ్యలో ఒక్క ట్యూబులైటు పెట్టారంటే పోలీసు స్టేషనులా ఉంటుంది. దాని బదులు మూడు చోట్ల, మూడు ఎత్తుల్లో చిన్న దీపాలు పెట్టండి. సోఫా పక్కన ఒకటి, మూల నేల మీద ఒకటి, గోడ మీది బొమ్మకి ఒకటి. ఎల్.ఇ.డి. బల్బు కొనేటప్పుడు అట్టపెట్టె మీద 'కెల్విన్' అంకె చూడండి. 2700 నుంచి 3000 వరకూ అయితే నూనెదీపం లాంటి వెచ్చటి పసుపు వెలుతురు. 6500 అయితే పాలిపోయిన నీలి తెలుపు. హాలుకీ పడగ్గదికీ మొదటిదే బాగుంటుంది.

కాగితం లాంతర్లు ఈ అలంకారానికి ముద్దుగా నప్పుతాయి. ఇసాము నొగుచి అనే శిల్పి 1951లో జపానులోని గిఫు పట్టణపు లాంతర్లు చూసి 'అకారి' అనే కాగితపు దీపాలు మొదలుపెట్టారు. ఇవాళ మార్కెట్లో దొరికే గుండ్రటి కాగితపు దీపాల్లో చాలావాటికి అవే ఆదర్శం. వీటిలో వేడెక్కే పాత బల్బులు పెట్టకండి సుమా! ఎల్.ఇ.డి. మాత్రమే వాడండి.

కిటికీ, నేల

కిటికీలోంచి పక్కవాళ్ళ గోడ తప్ప ఇంకేమీ కనపడకపోతే, వడ్రంగితో సన్నటి చెక్క చట్రం చేయించి గళ్ళు పెట్టించండి. కాగితం మన పిల్లల చేతుల్లో, మన వానాకాలంలో నిలవదు. దాని బదులు మసక యాక్రిలిక్ షీటు వేయించండి. పక్కకి జరిగేలా ఉంటే గాలికి గాలీ వస్తుంది, పైపు కనపడకుండానూ పోతుంది.

జపాను 'తతామి' చాప ఒక్కొక్కటి సుమారు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. గది ఎంత పెద్దదో కూడా ఎన్ని చాపలు పడతాయన్న లెక్కలోనే చెప్పుకుంటారు. మనకి మంచి తుంగచాప చాలు. తడిగుడ్డతో తుడిచేటప్పుడు మాత్రం చుట్టి పక్కన పెట్టండి. తడి తగిలితే బూజు పడుతుంది.

ఒక్క వస్తువు చాలు

జపాను ఇంట్లో 'తొకొనొమ' అని గోడలో లోతుగా ఓ అర ఉంటుంది. అందులో ఒక చిత్రపటం, ఒక పూల అమరిక, అంతే. ఋతువు మారితే అవీ మారతాయి. మిగతా సామానంతా అలమారుల్లోకి వెళ్ళిపోతుంది. హోటలు గది అందంగా ఉండటానికి కారణమూ ఇదే. కంటి ముందు చిల్లర సామాను ఉండదు. టీవీ మీద బొమ్మలు, ఫ్రిజ్ మీద మందుల సీసాలు, గోడకి మూడు క్యాలెండర్లు ఉంటే ఏ రంగు వేసినా ఒకటే!

ఆ ఒక్క వస్తువు కోసం జపాను దాకా పోనక్కర్లేదు. నల్లటి లోహం మీద వెండి తీగలు పొదిగిన బిద్రీ కూజా, ముదురు నేపథ్యం మీద బంగారు రంగు మెరిసే నిర్మల్ చిత్రం, లక్క పూసిన ఏటికొప్పాక భరిణె, అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి చెంబు - ఇవన్నీ మసక వెలుతురులోనే నిండుగా కనిపిస్తాయి. ఇత్తడిని చింతపండుతో తోమి ఓ దీపం పక్కన పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

ఈ చోట్ల మాత్రం వెలుతురు తగ్గించకండి

వంటిల్లు: కత్తిపీట, పొయ్యి ఉన్నచోట మసక పనికిరాదు. గట్టు ఎలాగూ నల్ల గ్రానైటే కదా, హోటలు కళ అక్కడ ఉండనే ఉంది. పై అలమరల కింద 4000 కెల్విన్ ఎల్.ఇ.డి. పట్టీ వేయించండి. ఉప్పునీటి మరకలు నల్లరాతి మీద తెల్లగా తేలతాయి కనుక పనవగానే పొడిగుడ్డతో తుడవండి.

స్నానాలగది, నడవ: వయసు పెరిగేకొద్దీ కంటిలోకి చేరే వెలుతురు తగ్గుతుంది. పెద్దవాళ్ళు నడిచే దారిలో నేలకి జానెడెత్తున రాత్రి దీపాలు పెట్టండి. మెట్టు అంచుకి లేతరంగు పట్టీ అంటించండి. ముదురు గోడ ముందు ముదురు రంగు స్టూలు ఉంచకండి. మంచం మీంచే చేతికందేలా ఒక స్విచ్ ఉండాలి.

చదువుకునే బల్ల, కుట్టుమిషను: వీటికి విడిగా దీపం తప్పదు.

ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. ముదురు రంగు దుమ్ముని దాచదు, చూపిస్తుంది. రోజూ ఓసారి దులపక తప్పదు. ఆ ఓపిక లేకపోతే ఒక్క గోడతోనే ఆగిపోండి.

మా చెల్లెలు ఆ ఎనామిల్ని ఉప్పుకాగితంతో గీకించి, దాని మీద తడిమట్టి రంగు మ్యాట్ వేయించింది. హాలు మూల పాత గూడులో ఇత్తడి దీపపు సెమ్మె ఒక్కటే ఉంచింది. సాయంత్రం వాళ్ళ అత్తగారే దాన్ని వెలిగిస్తారు. కిందటి శ్రావణ శుక్రవారం నాలుగేళ్ళ తర్వాత పేరంటం పిలిచింది. వచ్చినవాళ్ళు పసుపు రాయించుకుని వెంటనే లేవలేదు, చాప మీదే కూర్చుని కబుర్లలో పడ్డారు. ఒకావిడ "మీ ఇంట్లో కూర్చుంటే గుళ్ళో కూర్చున్నట్టుందమ్మా" అనేసరికి మా చెల్లెలి కళ్ళు చెమర్చాయి. అత్తగారు మాత్రం నాతో మెల్లగా అన్నారు - "హాలు బాగానే ఉందమ్మాయ్. నా గదిలో ట్యూబులైటు మాత్రం తియ్యనివ్వను!"

తియ్యలేదు కూడా. ఆ గది తెల్లగానే ఉంది. ఇల్లంటే అందులో ఉండే అందరిదీ కదా!

ఉత్తరం రాసిన సోదరీ, ముందు ఒక పని చెయ్యండి. ఈ రాత్రి ట్యూబులైటు ఆర్పి, ఓ మూల నేల మీద చిన్న పసుపు దీపం పెట్టి, ఓ పావుగంట మీ హాల్లో ఊరికే కూర్చోండి. ఆ గది మీకు నచ్చడం మొదలైతే పెయింటర్ని తర్వాత పిలవచ్చు. ఎలా కుదిరిందో తప్పకుండా రాస్తారు కదూ?