క్యూరేటర్ కావాలంటే కోయ భాషా ఓ అర్హతే!

ఖమ్మంలో భద్రాచలం బస్సెక్కే ఇంజినీరింగ్ కుర్రాళ్లలో ఎవరిని కదిపినా జావా, పైథాన్, గ్రూప్స్.. ఇవే మాటలు. నేనూ ఆ బాపతే. 'క్యూరేటర్' అనే పని ఒకటుందని డిగ్రీ చేతికొచ్చాక గానీ తెలీలేదు. ప్రదర్శనలో ఏ కళాకృతులు పెట్టాలి, ఎందుకు పెట్టాలి, పక్కన ఏం రాయాలి.. ఇవన్నీ తేల్చేది క్యూరేటరే.

దీనికి ఫైన్ ఆర్ట్స్ చదివి తీరాలా? ఓక్వీ ఎన్వెజోర్ సంగతి చూడండి. నైజీరియాలో పుట్టి 1982లో అమెరికా వెళ్లారు. చదివింది పొలిటికల్ సైన్స్, రాసింది కవిత్వం. ఆఫ్రికా కళను పట్టించుకునేవాళ్లు లేరని 1994లో మిత్రులతో కలిసి 'ఎన్కా' పత్రిక మొదలుపెట్టారు. ఆ దారిలోనే నడిచి 2002లో జర్మనీలో డాక్యుమెంటా, 2015లో ఇటలీలో వెనిస్ బినాలే ప్రదర్శనలకు సారథ్యం వహించారు.

మన దగ్గర జయధీర్ తిరుమలరావు ఉన్నారు. తెలుగు ఆచార్యులు. గూడేలు తిరిగి వాద్యాలు, పటాలు సేకరించి 2019లో హైదరాబాద్‌లో 'ఆద్యకళ' ప్రదర్శన పెట్టారు. ఇద్దరినీ నడిపించింది డిగ్రీ కాదు, 'వీళ్ల కళ గురించి ఎవరు చెబుతారు?' అన్న ప్రశ్న.

ఆ ప్రశ్న మన అడవి అంచునా ఉంది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. పుస్తకాల్లోకి ఎక్కని గాథలెన్నో ఆయన నోటి మీదే ఉండేవి. 2024లో ఆయన కన్నుమూశారు. డోలి కళాకారులు కథ చెప్పేటప్పుడు వాడే బొమ్మల గుడ్డను పడిగె అంటారు. దాన్ని అద్దాల పెట్టెలో పెడితే సరిపోతుందా? అందులో ఎవరి కథ ఉందో, దాన్ని ఎప్పుడు విప్పుతారో చెప్పాలి. ఆ పని కోయ భాష వచ్చిన మీరు చేసినంత బాగా బయటివాళ్లు చేయలేరు.

ఉన్నమాట చెప్పాలి. ఈ రంగంలో కొలువులు తక్కువ, నెలనెలా జీతం గ్యారంటీ లేదు. అందుకే ఉద్యోగ వేట మానేయమని చెప్పను. ఈ సెలవుల్లో మాత్రం ఒక్క కళాకారుడి దగ్గర కూర్చోండి. అనుమతి అడిగి పాట రికార్డు చేయండి. పేరు, ఊరు, తేదీ, అర్థం రాసుకోండి. సీఎస్‌ఈ వాళ్లయితే డేటాబేస్ ఎలా కట్టాలో తెలుసు కదా, అందులో పెట్టండి. ఇంటర్వ్యూలో 'మీ ప్రాజెక్టు ఏంటి?' అనడిగితే చూపించడానికి మీదంటూ ఒకటి ఉంటుంది. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ పాట మిగులుతుంది.