తీగకు అద్దె చాలు, పెత్తనం వద్దు

వీడియోలు, సందేశాల యాప్‌లు తమ నెట్‌వర్క్‌ను విపరీతంగా వాడుకుంటున్నాయని, ఆ కంపెనీలు తమకు వాటా చెల్లించాలని మన టెలికాం సంస్థలు కొన్నేళ్లుగా కోరుతున్నాయి. పైపైన చూస్తే న్యాయమైన కోరికే అనిపిస్తుంది. అయితే తీగ వేసినవారికి అందులో ఏం పోతోందో ఆరా తీసి, దాన్నిబట్టి రేటు కట్టే హక్కు ఉండాలా అన్నది పాత తగాదా. మోడెములు, లీజు లైన్ల కాలంలో అమెరికాలో ఇదే తగాదా ఏళ్ల తరబడి నడిచింది. అందులో టెలిఫోన్ కంపెనీ మాటే నెగ్గి ఉంటే ఇవాళ్టి ఇంటర్నెట్ మనకు ఈ రూపంలో దక్కేది కాదు.

అప్పట్లో అమెరికాలో ఫోన్ అంటే దాదాపుగా ఏటీ అండ్ టీయే. తీగ దానిదే, ఎక్స్ఛేంజీ దానిదే, ఇంట్లో బల్ల మీది ఫోను కూడా దానిదే. వినియోగదారుడు నెలనెలా అద్దె కట్టాలి తప్ప దానికి పరాయి వస్తువేదీ తగిలించకూడదు. మాట పక్కవాళ్లకు వినపడకుండా ఫోనుకు బిగించుకునే ‘హష్-ఎ-ఫోన్’ అనే తొడుగును కూడా కంపెనీ సహించలేదు. అందులో కరెంటు లేదు, తీగ లేదు. అయినా వ్యాజ్యం అప్పీలు కోర్టు దాకా వెళ్లి, 1956లో గానీ కంపెనీ ఓడలేదు. టెక్సాస్‌కు చెందిన థామస్ కార్టర్ టూ-వే రేడియోను ఫోనుతో కలిపే ‘కార్టర్‌ఫోన్’ తయారుచేసినప్పుడు మళ్లీ అదే గొడవ. నెట్‌వర్క్‌కు హాని చేయని పరికరాన్ని ఎవరైనా వాడుకోవచ్చని 1968లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ తేల్చింది.

ఈ తీర్పు మేలు మోడెముకు దక్కింది. కంప్యూటర్ అంకెలను ఫోను లైను మోయగలిగే ధ్వనులుగా మార్చి, అవతలి కొసన తిరిగి అంకెలు చేయడమే దాని పని. కంపెనీ సొంత మోడెములు తయారుచేసింది, అవి మంచివే. బయటివాళ్లకు మాత్రం లైనుకు తీగ కలపడం నిషేధం కాబట్టి వాళ్లు దొడ్డిదారి వెతుక్కున్నారు. ఫోను రిసీవర్‌ను తీసి రెండు రబ్బరు దొప్పల్లో బోర్లించేవారు. ఒక దొప్పలోని స్పీకర్ రిసీవర్‌లోకి కూత పెట్టేది, రెండో దొప్పలోని మైకు అవతలి కూతను వినేది. గదిలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే అక్షరాలు తారుమారయ్యేవి. సెకనుకు 300 బిట్లు, అంటే 30 ఇంగ్లిష్ అక్షరాలు. ఒక పేజీ రావడానికి నిమిషం పైనే. ఆ అవస్థలో ఎక్కువ భాగం సాంకేతికత తెచ్చిపెట్టింది కాదు, షరతు తెచ్చిపెట్టింది. కార్టర్‌ఫోన్ తీర్పు తర్వాత కూడా మధ్యలో తమ రక్షణ పెట్టె ఉండాల్సిందేనని కంపెనీ పట్టుబట్టింది. 1970ల్లో ప్రమాణాలు పాటించి నమోదు చేసుకుంటే చాలన్న నిబంధన వచ్చాకే మార్కెట్ తెరుచుకుంది. 1981లో హేస్ స్మార్ట్‌మోడెమ్ నేరుగా లైనుకే తగిలింది, నంబరు తానే డయల్ చేసుకుంది.

లీజు లైన్ల కథ కూడా ఇదే చెబుతుంది. 1969లో ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ మొదలైనప్పుడు దాని కేంద్రాలను కలిపినవి ఏటీ అండ్ టీ నుంచి అద్దెకు తీసుకున్న సెకనుకు 50 కిలోబిట్ల లైన్లే. డయల్ చేయనక్కర్లేదు, రాత్రింబవళ్లు తెరిచే ఉంటాయి. సమాచారాన్ని ముక్కలు చేయడం, దారి వెతకడం, తప్పిపోయిన ముక్కను మళ్లీ పంపడం అంతా అద్దెకు తీసుకున్నవారి యంత్రాలే చూసుకున్నాయి. ఇల్లు అద్దెకిచ్చినాయన వంటింట్లోకి తొంగిచూడనట్టే కంపెనీ తన అద్దె తాను తీసుకుంది. ఆ కాస్త స్వేచ్ఛలోనే కొత్త నెట్‌వర్క్ పుట్టింది. లీజు లైన్లను పంచుకోవడం, తిరిగి అమ్మడంపై ఉన్న ఆంక్షలను కూడా 1976లో కమిషన్ తొలగించింది.

నాసిరకం పరికరం వల్ల లైన్‌మన్‌కు షాక్ కొట్టవచ్చు, లైన్లు పాడవవచ్చు అన్న భయం అప్పట్లో ఉత్తుత్తిదేమీ కాదు. దానికి సరైన జవాబు ప్రమాణాలు, నిషేధం అక్కర్లేకపోయింది. పెత్తనం లేకపోతే పెట్టుబడి ఎవరు పెడతారన్నది ఇంకా బలమైన అభ్యంతరం. కానీ మోడెములు పెరిగాక 1990ల్లో అమెరికా ఇళ్లలో చాలామంది రెండో ఫోను లైను పెట్టించుకున్నారు. ఆ అద్దె టెలిఫోన్ కంపెనీలకే పోయింది. ఇప్పటి టవర్లకు, ఫైబర్‌కు భారీగా ఖర్చవుతున్న మాట నిజమే. అది గిట్టుబాటు కాకపోతే డేటా ధరను బాహాటంగా, అందరికీ ఒకేలా పెంచమనండి. వీడియో తనంతట తాను ఫోనులోకి రాదు, డేటాకు డబ్బు కట్టినవాడు కోరితేనే వస్తుంది. ఒకే సరుకుకు రెండు చోట్ల వసూలు చేస్తే, ఆ భారం మోయలేక ముందుగా మునిగేది రేపు పుట్టబోయే చిన్న కంపెనీయే.

పెత్తనం ఖరీదు ఎంతో మనకూ అనుభవమే. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చినా, దాని మీద ఫోను మాటలకు 2002 దాకా చట్టం ఒప్పుకోలేదు. అమెరికాలో ఉన్న పిల్లలతో మాట్లాడాలంటే తెలుగు తల్లిదండ్రులు ఐఎస్‌డీ మీటరు చూసుకుంటూ మాటలు కుదించుకున్నారు. చవక దారి ఉండి కూడా మూసేసిన ఆ రోజులు మళ్లీ రాకూడదు. చూసే సమాచారాన్నిబట్టి డేటా ధర మార్చకూడదని 2016 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించడానికి ముందు లక్షలాది మంది పౌరులు ఆ సంస్థకు ఈమెయిళ్లు రాశారు. వాటా వసూలు ప్రతిపాదనపై ట్రాయ్ మళ్లీ అభిప్రాయాలు అడిగితే, ‘వద్దు’ అని కారణాలతో సహా రాయండి.