కాంకేర్‌లో లెక్క తేలితే సరిపోతుందా?

ఛత్తీస్‌గఢ్ బస్తర్ డివిజన్‌లోని కాంకేర్ శాసనసభ స్థానంలో 2023 డిసెంబరు 3న భాజపా అభ్యర్థి ఆశారాం నేతామ్ 16 ఓట్లతో గట్టెక్కారు. ఓడింది కాంగ్రెస్ అభ్యర్థి శంకర్ ధుర్వా. ఆరు నెలల తర్వాత వచ్చిన కాంకేర్ లోక్‌సభ ఫలితంలో భాజపాకు చెందిన భోజ్‌రాజ్ నాగ్ ఆధిక్యం 1,884. కాంగ్రెస్ అభ్యర్థి బీరేశ్ ఠాకూర్ 2019లోనూ అక్కడే 6,914 ఓట్ల తేడాతో ఓడారు. ఇంత దగ్గరికొచ్చి ఓడిన మనిషి మళ్లీ లెక్కించమంటే దాన్ని యాగీ అనడం అన్యాయం.

అడిగే గడువు మాత్రం చాలా తక్కువ. 1961 ఎన్నికల నిర్వహణ నియమావళిలోని 63వ నిబంధన ప్రకారం, రిటర్నింగ్ అధికారి మొత్తం ఓట్లు ప్రకటించాక, తుది ఫారంపై సంతకం చేసేలోపే రాతపూర్వకంగా కోరాలి. ఆయన ఒప్పుకున్నా కాదన్నా కారణం రాతలోనే ఇవ్వాలి. అభ్యర్థి చేతిలో ఉండే ఆధారం ఫారం 17సి. పోలింగ్ ముగియగానే ఎన్ని ఓట్లు పడ్డాయో రాసి ఏజెంటుకిచ్చే ఆ కాగితాన్ని, లెక్కింపు బల్ల మీద యంత్రం చూపే అంకెతో సరిచూసుకోవాలి. భద్రత పేరిట బూత్‌నే వేరే ఊరికి మార్చే బస్తర్‌లో, ఏజెంటే చేరలేని చోట ఆ కాగితం ఎవరి చేతికొస్తుంది?

ఫారంపై సంతకం పడ్డాక మిగిలేది 45 రోజుల్లోగా హైకోర్టులో ఎన్నికల పిటిషన్. దాని నడక మన ధర్మపురికి తెలుసు. 2018లో కొప్పుల ఈశ్వర్ చేతిలో 441 ఓట్లతో ఓడిన అడ్లూరి లక్ష్మణ్ కుమార్ కోర్టుకెక్కారు. 2023 ఏప్రిల్‌లో స్ట్రాంగ్‌రూం తెరవబోతే తాళంచెవులు కనబడలేదు. ఆ ఏడాది చివర్లోనే మళ్లీ ఎన్నికలొచ్చాయి, లక్ష్మణ్ కుమార్ గెలిచారు.

2024 ఏప్రిల్ 26 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఇంకో దారి చూపింది. రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు ఫలితం వెలువడిన ఏడు రోజుల్లో రుసుము కట్టి, ఒక్కో శాసనసభ సెగ్మెంటుకు అయిదు శాతం ఈవీఎంలను పరీక్షించమని కోరవచ్చు. ఠాకూర్ కోరారు. విజయనగరం, జహీరాబాద్ నుంచీ దరఖాస్తులు వెళ్లాయి. కానీ ఎన్నికల సంఘం మొదట పెట్టిన పద్ధతి మాక్ పోల్. పడిన ఓట్లను తిరిగి లెక్కించడం కాదు. ఒంగోలులో ఓడిన బాలినేని శ్రీనివాసరెడ్డి అభ్యంతరం కూడా అదే.

ఇదంతా అంకెల న్యాయం. అభ్యర్థి నడత దీనికి ముందు సంగతి. 2014లో ఇదే కాంకేర్ జిల్లా అంతాగఢ్ ఉపఎన్నికలో కాంగ్రెస్ అభ్యర్థి మంతురామ్ పవార్ చివరి క్షణంలో నామినేషన్ వెనక్కి తీసుకున్నారు. మరికొందరూ తప్పుకోగా, భోజ్‌రాజ్ నాగ్‌కు పోటీగా అంబేడ్కరైట్ పార్టీ అభ్యర్థి ఒక్కరే మిగిలారు. నాగ్ గెలిచారు. ఉపసంహరణ వెనుక డబ్బు బేరం ఉందంటూ 2015 డిసెంబరు చివర్లో ఆడియో టేపులు బయటికొచ్చాయి. పేర్లు వినబడినవారు అప్పట్లో కాదన్నారు. ఆ గొంతుల్లో నాగ్‌ది ఉందని ఎవరూ అనలేదు, అదీ చెప్పాలి.

మళ్లీ లెక్కింపు కోరినప్పుడు రిటర్నింగ్ అధికారి తన కారణాల ఉత్తర్వును అదే సాయంత్రం అందరికీ కనబడేలా పెట్టాలి. పార్టీలూ టికెట్ ఇచ్చేముందు, నిలబడే మనిషేనా అని చూసుకోవాలి. అంతాగఢ్‌లో లెక్కపై తగాదా లేదు. అయినా అక్కడ 13 వేల మందికి పైగా నోటా నొక్కారు.