ట్రెయిలర్ అసలు బరువెంత?

ఈ వేసవిలో ఫిఫ్త్ వీల్ ట్రెయిలర్ తగిలించుకుని ఎల్లోస్టోన్ వెళ్దామనుకుంటున్నారా? కంపెనీవారు చెప్పే బరువు ఖాళీ ట్రెయిలర్‌దే. మన బియ్యం బస్తా, గ్రైండరు, నీళ్ళు అందులో ఉండవు. పిల్లలూ, గాలన్ నీళ్ళు సుమారు 8.3 పౌండ్లు; మరి 60 గాలన్ల ట్యాంకు? దాదాపు 500 పౌండ్లు!

పైగా ట్రెయిలర్ బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ట్రక్కు మీదే పడుతుంది. 12,000 పౌండ్లదైతే 2,400 నుంచి 3,000. అంత లాగగలిగిన ట్రక్కు అంత మోయగలదని కాదు. మోయగల బరువెంతో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు చెబుతుంది. మనుషులు, సామాను, హిచ్ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. బరువు మితిమీరితే టైర్లు పేలవచ్చు, బ్రేకులు చాలకపోవచ్చు. అందుకే అన్నీ సర్దాక ట్రక్ స్టాప్‌లోని క్యాట్ స్కేల్ మీద తూచి, ఆ తర్వాతే కొండదారి పట్టండి.