ఏ ప్రాసెసర్ గొప్పది? ఒక ఉద్దానం కుర్రాడి లెక్క



మా హాస్టల్లో సినిమా హీరోల మీద తగవులు ఈ మధ్య తగ్గాయి. మనవాళ్లు బుద్ధిమంతులైపోయారని సంతోషించకండి. తగవు అలాగే ఉంది, పేర్లు మారాయంతే. ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక ఇంటెల్ వారొక వైపు, ఏ.ఎమ్.డి. వారొక వైపు చేరతారు. గొంతులు పైకి లేస్తాయి. వార్డెన్ గారు వచ్చి లైటు ఆర్పేదాకా కోర్లు, గిగాహెర్ట్జ్‌లు గదంతా ఎగురుతూ ఉంటాయి. తమాషా ఏమిటంటే, అలా వాదించేవాళ్లలో సొంత కంప్యూటర్ ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ కొద్దిమందిలో నేనొకణ్ణి. అది గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ కంప్యూటర్ కొన్నప్పుడు మా నాన్నతో ఒక అబద్ధమాడాను. దాని సంగతి కూడా ఈ వ్యాసంలోనే చెప్పేస్తాను.

మాది ఉద్దానం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి నాకు పదమూడేళ్లు. తెల్లారి చూస్తే మా జీడితోటలో నిలబడ్డ చెట్టు లేదు. కొబ్బరిచెట్లు విరిగి దారికి అడ్డంగా పడున్నాయి. నాన్న నెలరోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తరువాత అప్పు చేసి, మళ్లీ జీడిమొక్కలు నాటాడు. ఆ మొక్కలు మొదటిసారి చెప్పుకోదగ్గ కాపు ఇచ్చింది 2023 వేసవిలో. నేను డిగ్రీలో చేరింది కూడా అప్పుడే. ఆ పిక్కల డబ్బుతోనే మా ఇంట్లో కంప్యూటర్ వెలిగింది.

"నాన్నా, సైన్సు సదువుకి కంప్యూటర్ ఉండాల" అన్నాను. ఆయన ఒకటే అడిగాడు. "ఏది మంచిదో నువ్వే సూసుకో బాబూ. మనకేటి తెలుస్తాది?"

నాకూ ఏమీ తెలియదని ఆయనకు తెలియదు!

అదే నెలలో టెక్కలిలో మా బావ కూడా ఒక కంప్యూటర్ కొన్నాడు. బావకు పెళ్లి ఫొటోలు, వీడియోల పని. ఆల్బమ్‌లు తయారుచేయాలి, వీడియోలు కత్తిరించి అతికించాలి. ఆయన తీసుకున్నది ఇంటెల్ కోర్ ఐ5-12400ఎఫ్. నేను తీసుకున్నది ఏ.ఎమ్.డి. రైజెన్ 5 5600జి. రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు నవ్వొచ్చింది. రెంటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. రెంటికీ గరిష్ఠ వేగం 4.4 గిగాహెర్ట్జ్. రెంటి మీదా 65 వాట్లే. ఇక తేడా ఏముంది, కవలపిల్లలే కదా అనుకున్నాం.

తేడా ఎక్కడుందో మాకు బళ్లో కాదు, జీడిపప్పు దగ్గర తెలిసుండాల్సింది.

పలాస కాశీబుగ్గ వైపు వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. జీడి ఫ్యాక్టరీలో పప్పును గ్రేడు చేసేటప్పుడు 180, 210, 240, 320 అని పేర్లు పెడతారు. తెలియనివాడు 320 గొప్ప సరుకనుకుంటాడు. నిజానికి ఆ అంకె ఒక పౌనులో ఎన్ని గుళ్లు తూగుతాయో చెబుతుంది. అంకె పెరిగేకొద్దీ గుడ్డు చిన్నదవుతుంది, ధర తగ్గుతుంది. అంకె పెద్దదైతే సరుకు పెద్దదని కాదు. ఆ అంకె దేన్ని లెక్కపెడుతోందో తెలియాలి. ప్రాసెసర్ పెట్టె చదవడానికి కూడా ఇంతకంటే పెద్ద సూత్రం లేదు.

బావ పెట్టె మీద చివర ఉన్న 'ఎఫ్' అనే అక్షరాన్నే చూడండి. ఆ అక్షరం లేని 12400లో బొమ్మను తెరకు పంపే గ్రాఫిక్స్ భాగం లోపలే ఉంటుంది. 'ఎఫ్' ఉన్నదాంట్లో ఆ భాగాన్ని పనిచేయకుండా ఆపేసి, కాస్త తక్కువ ధరకు అమ్ముతారు. దుకాణంవాడు "ఇదీ అదీ ఒకటే, ఇది చవక" అన్నాడు. బావ నమ్మాడు. ఇంటికి తెచ్చి మీట నొక్కితే ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది, తెర మాత్రం అమావాస్య! రెండు రోజులు తీగలు పీకి పెట్టాక అసలు విషయం తెలిసింది. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొంటే తప్ప బొమ్మ రాదు. మిగిలిందనుకున్న డబ్బుకు ఎన్నో రెట్లు కార్డుకు పోయింది. ఇంకో విచారం కూడా ఉంది. వీడియోలను కుదించే పనికి ఇంటెల్ ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ భాగం చాలా సాయం చేస్తుంది. బావ బతుకుతెరువే వీడియోలు. ఆయనకు అక్కరకొచ్చే భాగాన్నే వదిలి ఆయన కొన్నాడన్నమాట.

నేను తెలివైనవాణ్ణనుకోకండి. నా కథ వేరు. 5600జిలోని 'జి' అంటే గ్రాఫిక్స్ లోపలే ఉన్నట్టు. ఆ భాగం ఇంటెల్ 12400 లోపల ఉన్నదాని కంటే ఆటలకు బాగా బలమైనది. కార్డు కొనే స్తోమత లేనివాడికి ఇది వరమే. కానీ నా కంప్యూటర్లో మొదట ఆటలు నత్తనడక నడిచాయి. కారణం జ్ఞాపకశక్తి, అంటే ర్యామ్. దుకాణంలో నాకు 16 జి.బి. ఒకే బిళ్లగా పెట్టారు. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత ర్యామ్ ఉండదు. ప్రాసెసర్‌తో కలిసి ఆ ర్యామ్‌నే వాడుకోవాలి. గోదాముకు ఒకటే తలుపుంటే కూలీలు ఎంతమందున్నా బస్తాలు ఒకదాని వెనక ఒకటే కదా బయటికొచ్చేది! ఆ బిళ్ల మార్చి 8 జి.బి. బిళ్లలు రెండు పెట్టించాను. గోదాముకు రెండో తలుపు తీసినట్టయింది. అదే ప్రాసెసర్, అదే ఆట, హాయిగా నడిచింది. దీని గురించి ప్రాసెసర్ పెట్టె మీద ఒక్క ముక్క రాసిలేదు.

ఇక రెంటిలో ఏది గొప్ప? తీర్పు చెప్పమని హాస్టల్ మిత్రులు నన్ను పీక్కుతింటున్నారు. నేను చూసింది చూసినట్టు చెబుతాను.

పనిలో ఇంటెల్ ముందుంది. గిగాహెర్ట్జ్ సమానమైనా ఒక్కో గడియార స్పందనకు అది చేసే పని కొంచెం ఎక్కువ. ఇద్దరు కొట్టుకార్మికుల చేతులు ఒకే వేగంతో ఆడినా ఒకరి దెబ్బకు పిక్క నీటుగా విచ్చుకున్నట్టు. పెట్టె మీద మామూలు వేగం ఏ.ఎమ్.డి.కి 3.9, ఇంటెల్‌కి 2.5 అని ఉంటుంది. ఆ అంకె చూసి ఏ.ఎమ్.డి.యే జోరనుకుంటే 320 పప్పు పెద్దదనుకున్నట్టే. ఫిజిక్స్ ప్రాక్టికల్‌కు రాసిన పైథాన్ ప్రోగ్రామును రెంటి మీదా నడిపి చూశాను. బావది ముందు ముగించింది. కానీ ఆ తేడా టీ చల్లారేంత కూడా లేదు.

ఆటలో అయితే కార్డు ఉన్నదా లేదా అన్నదే అసలు ప్రశ్న. కార్డు లేకపోతే 5600జి. కార్డు ఉంటే 12400ఎఫ్. 5600జిలో ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న గాదె, అంటే క్యాషె, 16 ఎం.బి. మాత్రమే. 'జి' లేని తన అన్నగారు 5600కి అది 32. ఇంటెల్‌కి 18. కార్డుతో మాట్లాడే దారి కూడా 5600జికి పాతకాలపుది. అందుకే రేపు నేను కార్డు కొన్నా బావ కంప్యూటర్‌ను అందుకోలేను.

కరెంటు సంగతి మా ఊరికి ముఖ్యం. రెంటి మీదా 65 వాట్లే రాసుంది. జోరు మీదున్నప్పుడు ఇంటెల్ 12400 117 వాట్ల దాకా లాగవచ్చని ఆ సంస్థే తన వివరాల్లో చెబుతుంది. ఏ.ఎమ్.డి. 65 వాట్ల రకానికి ఆ హద్దు 88. దానికి తోడు పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెడితే, ఉదాహరణకు ఆర్.టి.ఎక్స్. 3060కి, ఇంకో 170 వాట్లు. అంటే రెండు సీలింగు ఫ్యాన్ల కంటే ఎక్కువ. గాలి కాస్త గట్టిగా వీస్తే తీగలు తెగే ఊళ్లో, ఇన్వర్టర్ మీద అమ్మ ఫ్యాను తిరగాలా, కొడుకు ఆట నడవాలా? విదేశాల్లో చల్లటి గదుల్లో కూర్చుని ప్రాసెసర్లు పోల్చేవారికి ఈ ప్రశ్న తగలదు. మనకు తగులుతుంది. వారి పట్టికలు అబద్ధాలు కావు. వారి ఇంటికి వేసిన లెక్కలవి, అంతే.

ఇప్పుడు నా అబద్ధం దగ్గరికి వస్తాను.

2024 వేసవిలో పిక్కల అమ్మకాలప్పుడు నాన్న లెక్కలు కంప్యూటర్లో ఎక్కించాను. 80 కిలోల బస్తాలు. ఏ బస్తా ఎంత తూగింది, తేమ పేరుతో ఎంత కోశారు, తీసుకున్న అడ్వాన్సుకు వడ్డీ ఎంత పట్టారు, అన్నీ వరసగా వేశాను. కూడి చూస్తే పదిహేను బస్తాల మీద కోతల రూపంలోనే దాదాపు ఒక బస్తా పోయింది. నాన్న తెర వంక చాలాసేపు చూశాడు. చీటీల మీద ఏళ్ల తరబడి విడివిడిగా కనపడిన కోత అలా ఒక్కచోట కనపడటం ఆయనకదే మొదటిసారి. తరువాత వారం వ్యాపారి దగ్గర కాటా తనే దగ్గరుండి చూశాడు. కోత కాస్త తగ్గింది కూడా.

ఆ రాత్రి అన్నం తింటూ అడిగాడు. "ఈ లెక్కకి ఇంత పెద్ద పెట్టె కావాలేటి?"

అక్కర్లేదు. ఆ లెక్కకు పదేళ్ల కిందటి పాత ప్రాసెసర్ చాలు. నా డిగ్రీ చదువుకు కూడా చాలావరకు అదే చాలు. మిగిలిన డబ్బంతా ఆటలకే పెట్టాను. అదే చెప్పాను, తల వంచుకుని. కోప్పడతాడనుకున్నాను.

"ఆటకని సెప్తే నాను వొద్దందునేటి? అదీ ఓ రేటేసుకుని, ఈ ఏడా, పై ఏడా అని సూసుకుందుం గదా" అన్నాడు.

మిత్రులారా, అప్పట్నుంచి హాస్టల్లో ప్రాసెసర్ తగవులకు నేను దూరం. ఆటలు ఆడటం తప్పని నేననను. రోజంతా ఎండలో పిక్కలేరినవాడు సాయంత్రం తీరానికి పోయి కబడ్డీ ఆడితే ఎవరైనా తప్పంటారా? కానీ ఆటను ఆట అని, పనిని పని అని చెప్పి కొనాలి. "గేమింగ్‌కూ వర్క్‌కూ రెంటికీ" అని ఒకే ఊపిరిలో అడిగితే దుకాణంవాడు ఖరీదైనదే చూపిస్తాడు. ఏ ఆట, ఏ పని, నెలలో ఎన్ని గంటలు, ఎవరి డబ్బు? ఈ నాలుగూ కాగితం మీద రాసుకుంటే సగం తగవు అక్కడే తీరిపోతుంది. నేనూ బావా కొన్న రకాలిప్పుడు పాతబడ్డాయి. కొత్త సాకెట్లు, కొత్త పేర్లు వచ్చాయి. చివరి అక్షరం చదవడం, ర్యామ్ రెండు బిళ్లలుగా అడగడం, అసలు వాట్లు విచారించడం మాత్రం పాతబడవు.

పూజ్యులైన అధ్యాపకులకూ, పూర్వవిద్యార్థులకూ ఒక విన్నపం. మనలో చాలామంది రైతుకూలీల బిడ్డలు. ఆస్పత్రి ఖర్చుకని ఉద్దానంలో ప్రతి ఇల్లూ నాలుగు రూపాయలు మూటగట్టి దాచుకోవలసిన పరిస్థితి అందరికీ తెలిసిందే. ఆ మూట విప్పించి ప్రతి విద్యార్థీ సొంతంగా కంప్యూటర్ కొనాలా? మన ప్రయోగశాల గది సాయంత్రం నాలుగున్నరకే తాళం పడుతుంది. అది ఎనిమిది దాకా తెరచి ఉంచి, లోపలే గ్రాఫిక్స్ ఉన్న పది సాధారణ యంత్రాలు, ఒక్కో దానికి రెండు ర్యామ్ బిళ్లలు, ఒక మంచి యు.పి.ఎస్. ఏర్పాటు చేస్తే చాలు. ఖరీదైన కార్డులు అక్కర్లేదు. పూర్వవిద్యార్థులు మన కళాశాలకు స్వాగత ద్వారం కట్టిస్తారని వింటున్నాం. సంతోషమే. కానీ ఆ ద్వారంలోంచి లోపలికొచ్చిన కుర్రాడు కూర్చోడానికి ఒక యంత్రం కూడా ఉంటే ఇంకా సంతోషం.

ఇక ఏ ప్రాసెసర్ గొప్పదంటారా? అడిగేవాడు ముందు తన ఇంటి లెక్క చెప్పాలి. ఆ తరువాత నేను పేరు చెబుతాను.

— బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి