నన్నారి పేరిట మారెడుగడ్డ

ఎండలు ముదిరినంతనే కర్నూలు, కడప పట్టణముల సోడా అంగళ్ళయందు నన్నారి సీసాలు బారులు తీరును. నిమ్మరసమును, నానిన సబ్జాగింజలును చేర్చి యిచ్చెడి ఆ పానీయము చలువ చేయునను నమ్మిక మన సీమలో తరతరములది. మేమును దాని నాదరించువారమే. కాని ఆ సీసాలోనిది ఏ వేరని యడిగినచో అంగడివాడు నన్నారి యనును; వైద్యుడు సారిబ యనును; అడవినుండి మోసికొని వచ్చిన చెంచు మారెడుగడ్డ యనును. పెక్కు సీసాల విషయమున కడపటివాని మాటయే నిజము.

ఆయుర్వేద గ్రంథములు సారిబ యనియు, అనంతమూల మనియు పేర్కొనునది మన సుగంధిపాల. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని హెమిడెస్మస్ ఇండికస్ అందురు. గంగా మైదానము మొదలు సింహళము వరకు కంపలలో అల్లుకొను సన్నని తీగ. వేరును సన్ననిదే, కట్టెవలె గట్టిది. మారెడు తీగ దీనికి దాయాదియే గాని యిది కాదు. డెకాలెపిస్ హామిల్టోనియై అని దానికి పేరు. నల్లమల, శేషాచలముల రాతిచరియలపై ప్రాకును. గడ్డలు బొటనవ్రేలి లావు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నుండును. పైతోలు గీకి, నడిమి ఈనె తీసి, మనవారు ఊరగాయ పెట్టుకొందురు. దక్షిణాపథమున దప్ప ఇది మొలవదు. ఔత్తరాహులైన నిఘంటుకారుల కంటబడకపోవుట వింత గాదు. రెండు వేళ్ళకును పరిమళ మిచ్చు ద్రవ్య మొక్కటే యని రసాయనశాస్త్రజ్ఞులు తేల్చిరి. వాసన యొకటగుటచే సంస్కృతనామము నొకటి నుండి రెండవదానికి అరువుపోయినది.

ఈ యరువు మనవారికే చెల్లలేదు. అమెరికా ఖండపు సార్సపరిల్లా యను వేరొక తీగ పేరు తెచ్చి ఇంగ్లీషువారు మన సుగంధిపాలకు తగిలించి, 1864లో తమ ఔషధగ్రంథమున చేర్చుకొనిరి.

పునర్నవ గతియు నిట్టిదే. వేసవిలో మాడి, తొలకరికి వేరునుండి మరల చిగిర్చునది గనుక ఆ పేరు; వానలెరుగని మన నేలలకు ఇంతకంటె తగిన పేరు గలదా? అది అటికమామిడి. కాని తెల్ల గలిజేరును సైతము పునర్నవ యనియే అమ్ముదురు. చేలలో కూరాకు కోయు ముసలమ్మ రెంటిని ఒడిలో కలుపదు. పేరు మాత్రమే చదివినవారు కలుపుదురు.

సంస్కృతనామములపై మాకు ద్వేషము లేదు. కాశీ వైద్యుడును కడప వైద్యుడును ఒకరి మాట నొకరు గ్రహించినది వానివలననే. అయితే ఆ నామము మొక్కను చూపుటకు బదులు కప్పిపుచ్చుటకు వినియోగపడుట మా యాక్షేపణ. సారిబ యని చీటీ వ్రాసిన వైద్యునకు మారెడుగడ్డ ముట్టినచో, వాసన కుదిరినంతమాత్రమున గుణములన్నియు కుదురునని యెవరు పూచీపడుదురు? ఇక అడవి మాట. ఎల్లెడల దొరకు సారిబయే యని కొనువాడు నిశ్చింతగా నుండును. కొండలలో తగ్గిపోవుచున్నది మారెడు. గడ్డకొరకు తీగను సమూలముగ పెకలింతురు గదా. తరిగినకొలది చెంచులు ఇంకను లోపలికి, ఇంకను పైకి పోవలసివచ్చుచున్నది. శ్రమ పెరిగినంత వెల వారి చేతి కందునని మేము నమ్మజాలము.

1940 నాటి ఔషధశాసనమును 1964లో సవరించి ఆయుర్వేదపు మందులను దానిక్రిందికి తెచ్చిరి. సోడా అంగడి పానీయము మందు గాదు, ఆహారము; ఆ కట్టుబాట్లు దానికి లేవు. కావున అధికారులు నన్నారి సీసాపైనను సంస్కృతనామము ప్రక్కన తెలుగు పేరును, శాస్త్రనామమును అచ్చువేయించునట్లు నిర్బంధింపవలెను. వేళ్ళకొట్లకును ఇదే నియమము వర్తింపజేయుట యుక్తము. అటవీఫలములు కొనుటకై 1956లో నేర్పడిన గిరిజన సహకార సంస్థ, తల్లివేరును విడిచి ప్రక్క గడ్డలు మాత్రమే త్రవ్వి తెచ్చినవారికి కొంత హెచ్చు వెల నిచ్చుట మంచిది. నల్లమల యంచున జొన్నకైనను పనికిరాని రాతిచెలకలుగల భూస్వాములు మా పాఠకులలో పలువురు గలరు. వచ్చు తొలకరికి వారు పది మారెడు తీగలు నాటి చూతురేని, వాని పెరుగుదలను గూర్చి వ్రాసి పంపిన జాబులను ఈ పత్రికలో సంతోషముతో ప్రకటింతుము.