ఆట ముగిసినను తీఱని వెలితి

ఒక యాట ముగింపు బాగుగ లేదని కన్నీరు పెట్టుకొనువారు కలరా యని మా సోదరీమణులలో పెద్దలు కొందఱు నవ్వవచ్చును. సిరిసిల్లవంటి యూరిలో తెల్లవారినది మొదలు సాంచాల చప్పుడు వినుచు, బీడీలు చుట్టుచు, ఇంటిపనియు చక్కబెట్టుకొను తల్లికి, కుమార్తె చేతిఫోనులోని కథ ముగిసినదని అన్నము మాని కూర్చుండుట వింతగనే తోచును. “అవతల పెట్టి లేచి తినుము” అని మందలించుటయు సహజమే. అయినను ఆ కన్నీటికి కారణమేమో తెలిసికొనుట తల్లులకు మేలని తలచి, ఈ నెల ఆ విషయమునే ముచ్చటించుచున్నాము.

మేము చెప్పబోవునది తుపాకులు పేల్చి గెలుపోటములు లెక్కించు ఆట కాదు. అది కథ. ఆడునామె కథలో నొక పాత్రయై, ఎవరితో నేమి పలుకవలెనో, ఎవరి పక్షమున నిలువవలెనో తానే నిర్ణయించును. ఆ నిర్ణయమును బట్టి తరువాతి కథ కొంత మారును. ఈ పద్ధతి మనకు బొత్తిగా క్రొత్తది కాదు. బతుకమ్మ చుట్టును చేరిన స్త్రీలలో నొకతె పాట నెత్తుకొనగా తక్కినవా రందుకొందురు. అందుకొనువారు లేనిచో పాట సాగదు, అడుగు పడదు. రాత్రివేళ అవ్వ కథ చెప్పుచుండగా పిల్లలు ఊకొట్టుట మానిన, అవ్వయు చెప్పుట మానును. వినువారికిని కథలో పాలు గలదని మన పెద్దలు ఏనాడో యెఱుగుదురు. ఈ క్రొత్త యాటలలో ఆ పాలు మఱింత పెరిగినది. ఊకొట్టునామె చేతికే కథాసూత్రమును కొంతవఱ కప్పగించినారు.

ఇట్టివానిలో లోకమున మిక్కిలి ప్రీతికి పాత్రమైనది “లైఫ్ ఈజ్ స్ట్రేంజ్” అను నాట. జీవితము విచిత్రమైనదని యా పేరునకు అర్థము. పారిసు నగరమందలి డోంట్‌నాడ్ సంస్థవారు దీనిని నిర్మింపగా, స్క్వేర్ ఎనిక్స్ సంస్థవారు 2015 జనవరి మొదలు అక్టోబరు వఱకు ఐదు భాగములుగ వెలువరించిరి. మాసపత్రికలో ధారావాహిక నవలకొఱకు మనము కాచుకొనియుండునట్లే, ఒక్కొక్క భాగమునకై జనులు వారముల తరబడి ఎదురుచూచిరి. 2018 నాటికి ఇది చేతిఫోనులలోనికిని వచ్చినది. ఇందు మరణము, అవమానము, హింస గలవు గనుక పదునేడేండ్లు నిండినవారికే తగునని అమెరికాలో వర్గీకరించిరి. ఈ సంగతిని తల్లులు గమనింతురు గాక.

కథానాయిక పేరు మాక్స్ కాల్‌ఫీల్డ్. పదునెనిమిదేండ్ల కన్య. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున సముద్రతీరమందున్నట్లు కల్పించిన ఆర్కేడియా బే అను చిన్నపట్టణమున ఛాయాచిత్రకళ నేర్చుకొనుచుండును. ఒకనాడు పెనుగాలి యొకటి వచ్చి యా పట్టణమును మ్రింగివేయుచున్నట్లు ఆమెకు కన్నులకు కట్టును. ఆనాడే పాఠశాలలో నొక యువకుడు నీలిజుట్టుగల యొక యువతిపై తుపాకి కాల్చుట చూచి, వలదని మాక్స్ చేయి చాచును. చాచినంతనే కాలము వెనుకకు మరలును! ఆ శక్తితో ఆమె కాపాడిన యువతి తన చిన్ననాటి ప్రాణసఖి క్లోయీయే యని పిదప తెలియును. కథయంతయు ఆ సోమవారము మొదలు శుక్రవారము వఱకు ఐదు దినములలో నడచును.

ఇందలి యొక ఘట్టమును వేఱుగ చెప్పవలసియున్నది. మాక్స్ తోడి విద్యార్థినులలో కేట్ మార్ష్ అను దైవభక్తిగల బాలిక యొకతె. ఆమెకు తలవంపులు తెచ్చు వీడియో నొకదానిని ఊరంతట వ్యాపింపజేయగా తోడివారు ఎగతాళి చేయుదురు. బాలిక క్రమముగ మాట తగ్గించును. రెండవభాగము తుదిని వసతిగృహపు పైకప్పు నెక్కి ప్రాణము తీసికొనబోవును. అచట కాలమును త్రిప్పుశక్తి పనిచేయదు. మాట యొక్కటే శరణ్యము. అంతకుముందు ఆమె ఫోను చేసినప్పుడు పలికితిమా, ఆమె గదిలోనికి పోయినప్పుడు అచటి కుటుంబపు చిత్రములను, గ్రంథమును గమనించితిమా, ఆమెను బాధించువారి నడ్డగించితిమా, యనువానిని బట్టి ఆమెను దింపగలుగుటయో దింపలేకపోవుటయో యుండును. మనసుపెట్టి ఆడినామెకు మాట అందును. పరధ్యానముగ ఆడినామెకు అందుట కష్టము. కాపాడగలిగిన బాలికలు ఆ రాత్రి సంతోషముతో నిద్రించియుందురని మేము నమ్ముచున్నాము.

ఇక ముగింపు. శుక్రవారమున పెనుగాలి రానే వచ్చును. సముద్రపుటొడ్డున దీపస్తంభముకడ చెలిమికత్తె లిరువురును నిలువబడియుందురు. క్లోయీ బ్రతికినందుననే కాలము కట్టు తప్పి ఈ గాలి పుట్టినదని వారు గ్రహింతురు. తొలిదినమున తీసిన నీలి సీతాకోకచిలుక చిత్రమును క్లోయీ తెచ్చి మాక్స్ చేతికిచ్చును. దాని సాయమున మరల సోమవారమునకు పోయి సఖిని మరణింపనిచ్చిన, ఊరు మిగులును. చిత్రమును చింపివైచిన, సఖి మిగులును, ఊరు పోవును. ఈ రెంటిలో నొకటి యాడునామె తన వ్రేలితోనే యెంచుకొనవలెను.

ఇచటనే అసంతృప్తి పుట్టినది. ఐదు భాగములలో అడుగడుగున “నీవు చేసినదానికి ఫలము గలదు” అని తెఱపై నొక గుర్తు చూపుచు వచ్చిరి. తీరా తుదకు ఫలమేది? సఖిని విడిచిన, ఆ వారమంతయు జరుగనే లేదగును. కేట్‌ను కాపాడినామెకును, కాపాడలేకపోయినామెకును ఆ బాలిక సఖి యంత్యక్రియలయందు సజీవముగ నొకేరీతి కనబడును. ఊరిని విడిచిన, కాపాడిన వారందఱును గాలికి పోవుదురు. పైగా ఈ రెండవ ముగింపు మొదటిదానికంటె పొట్టిది. శిథిలమైన వీథిలో బండిపై సాగిపోవు దృశ్యముతో అది సరి. ఎవరు మిగిలిరో, ఎవరు పోయిరో చెప్పు మాట యొక్కటియు లేదు.

ముగింపు దుఃఖకరమగుటచేతనే ఈ గోల యని కొంద ఱందురు. మేమట్లనుకొనము. ఊరికొఱకు నొక స్త్రీ ప్రాణమిచ్చు కథలు మన చెఱువుకట్టలకు క్రొత్తవి కావు. అనంతపురముచెంత బుక్కరాయసముద్రపు చెఱువు తెగబోవగా, ఊరిని నిలుపుటకై తనంత తాను నీటిలోనికి నడచిన కోడలి కథను కట్టమంచి రామలింగారెడ్డిగారు 1899లో “ముసలమ్మ మరణము” అను కావ్యముగ రచించిరి. ఆ కథ విని కంట తడిపెట్టని స్త్రీ యుండదు. ముగింపు తప్పని తగవుపెట్టిన స్త్రీయు నుండదు. ఏలయన, ఆమె బ్రదికిన బ్రదుకే ఆమెను ఆ కట్టకడకు తెచ్చినది. అత్తమామలను, ఊరివారిని ఆమె ప్రేమించిన తీరునకు ఆ మరణము జవాబు చెప్పుచున్నది. కాబట్టి విషాదము దోషము కాదు. ముందు జరిగినదానిని ముగింపు లెక్కకు తెచ్చుకొనకుండుట దోషము. పడుగు నిండ పోసిన రంగులు చెంగులో నెచటను కనబడనిచో, చీర చిరుగు లేనిదైనను నేసినవారికి తృప్తి యుండునా?

ఎదుటి వాదమును చెప్పకుండుట న్యాయము కాదు. గడచినదానిని దిద్దుకొనవలెనను కోరికకు హద్దు గలదనియు, చావును వెనుకకు త్రిప్పు శక్తి యెవ్వరికిని లేదనియు బోధించుటయే ఈ కథ లక్ష్యమనియు, అట్టి కథకు ఈ ముగింపే తగుననియు పలువురు వాదించిరి. ఇందు సత్యము గలదు. ప్రియమైనవారిని పోగొట్టుకొని “ఆనాడు నేనట్లు చేసియుండిన” అని రాత్రులు తపించిన స్త్రీలకు ఈ మాట లోతు తెలియును. అయినను, చావు తప్పదని చెప్పుట వేఱు. చావునకు ముందు మనము చేసిన మేలు మేలు కాకపోయినదని చెప్పుట వేఱు. మొదటిది జ్ఞానము. రెండవది నిరాశ.

ముగింపు నచ్చనివా రేమి చేసిరో చూతము. 2012 మార్చిలో కెనడా దేశపు బయోవేర్ సంస్థవారు “మాస్ ఎఫెక్ట్ 3” అను నాటను వెలువరించిరి. 2007లో మొదలైన యా మహాకథ మూడవ భాగముతో ముగిసినది. తమ నిర్ణయము లెట్లున్నను తుదకు ఎఱుపు, ఆకుపచ్చ, నీలము వెలుగుల భేదమే గాని వేఱు భేదము లేదని ఆటాడువారు కోపించిరి. కోపమును తెలుపుటకై ఆ మూడు రంగుల చిన్న కేకులు నన్నూఱుకు పైగా చేయించి సంస్థవారికి పంపిరి. రంగులు వేఱైనను రుచి యొకటే! ఆ సంస్థవారు ఆ జూనులోనే ముగింపును పెంచి, వివరములు చేర్చి, వెల లేకుండ నొసగిరి. లైఫ్ ఈజ్ స్ట్రేంజ్ నిర్మాతలు మాత్రము తమ ముగింపును మార్పలేదు. 2018లో ఆరంభించిన రెండవకథలో “మీ రానాడు దేనిని కాపాడితిరి?” అని యడిగి, దానికి తగినట్లు కొన్ని దృశ్యములు దిద్దిరి. 2024 అక్టోబరులో వేఱొక సంస్థవారు నిర్మించిన “డబుల్ ఎక్స్‌పోజర్” అను కథలో మాక్స్ మరల వచ్చినది. కాని ఊరిని పోగొట్టుకొని సఖిని దక్కించుకొన్నవారికి, ఆ చెలిమికత్తెలు పిదప విడిపోయిరని చెప్పిరి. పాతగాయము మరల రేగినది.

ఈ విషయమున మన పూర్వులు వెనుకబడినవారు కారు. ఉత్తరకాండము తుదిని సీత భూమిలోనికి పోవుట సహింపలేక భవభూతి తన ఉత్తరరామచరితమున సీతారాములను కలిపెను. అడవికి పోయిన మగవారి కథ చెప్పి, అంతఃపురమున పదునాలుగేండ్లు మిగిలిన ఊర్మిళను మఱచితిరేమని మన యవ్వలు ఎవ్వరితోను పోరాడలేదు. ఊర్మిళాదేవి నిద్ర పాటను తామే కట్టుకొని, రోలుకడను ఊయలకడను పాడుకొనిరి. అందు తిరిగివచ్చిన లక్ష్మణుని ఆమె గుర్తింపక పరపురుషుడని మందలించును. పదునాలుగేండ్ల యెడబాటునకు ఆ మందలింపే లెక్క. వెలితిగనున్న కథను పూరించుకొను హక్కు వినువారికి గలదని ఆ పాటయే సాక్ష్యము చెప్పుచున్నది.

ఇంతకు, సిరిసిల్లలోని తల్లికి ఈ విచారమేల యనవచ్చును. మా సమాధానమిది. ఇరువదియొకటవ శతాబ్దపు తొలియేండ్లలో, పనులు నిలిచి, అప్పులు పెరిగి నేతకార్మికులు పలువురు ప్రాణములు తీసికొనగా, ఈ యూరిని “ఉరిసిల్ల” యని పత్రికలు వ్రాసిన దినములు గలవు. ఆ మాట విని తలవంచుకొన్న యిండ్లు నేటికిని ఈ వీథులలోనున్నవి. మాట తగ్గించిన భర్త, తలుపు మూసికొన్న కుమారుడు, పిలిచినను పలుకని పొరుగింటి కోడలు, వీరిని సకాలమున గమనించుట ఎంత పనియో ఈ యూరి స్త్రీలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ యాటలోని బాలిక, పైకప్పుమీద నిలిచిన మఱొక బాలికను మనసుపెట్టి వినుటచేత దింపగలిగినది. ఆమె నేర్చినది గొప్ప పాఠము. తుదకు కథ “అదంతయు లెక్కలోనికి రాలేదు” అని చెప్పగా ఆమె యేడ్చినది. ఆ యేడ్పు ఆటకొఱకు కాదు. తాను చేసిన మేలునకు విలువ యుండవలెనను కోరికకొఱకు. దానిని చూచి నవ్వుట తగునా?

కావున తల్లులకు మా మనవి యిది. బిడ్డ అట్లు కూర్చుండినప్పుడు ఫోను లాగికొనుటకు ముందు, “కథ యేమాయెను? నీవేమి చేసితివి?” అని యడుగుడు. కేట్‌వంటి బాలికను ఏ మాటతో దింపితివని యడుగుడు. దింపలేకపోయినదేని, తప్పు పట్టక వినుడు. ఇంటనో పొరుగుననో నిజముగ ఎవరైన అట్టి నిరాశలో నున్నట్లు తోచిన, జాప్యము చేయక ప్రక్కన కూర్చుండుడు, ఒంటరిగ విడువకుడు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వ మేర్పఱచిన టెలీ మానస్ సేవవారు 14416 సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే మాటలాడుదురు; వెల లేదు.

ఇక ఆట ముగింపు సంగతి. దీపస్తంభముకడ ఊరును, సఖియు ఇరువురును మిగులు మార్గమేదైన తోచినచో, లేక పోయినవారి లెక్క చెప్పు ముగింపేదైన తోచినచో, మీ బాలికలచేత వ్రాయింపుడు. ఒక ఠావు చాలును. మాకును పంపినచో చదివి సంతోషింతుము.